మొదటి శుక్రవారం వాక్యం ఎవరిది?

మార్చి నెల మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థనా దినం. ఊళ్ళో ఉన్న సంఘాల స్త్రీలంతా ఒక గుడిలో కూడి, ఏదో ఒక దేశపు స్త్రీలు రాసి పంపిన ఆరాధన క్రమాన్ని పట్టుకొని, తమకు తామే నడిపించుకొనే ప్రార్థన అది. 170కి పైగా దేశాల్లో ఆ రోజు అదే క్రమం చదువుతారు. మనవాళ్ళకూ ఇది కొత్తదేం కాదు. అయినా ఫిబ్రవరి వచ్చేసరికి ఎక్కడో ఒకచోట కమిటీలో పేచీ మొదలవుతుంది. ఆడవాళ్ళు పాటలు పాడొచ్చు, పాఠాలు చదవొచ్చు, మరి వాక్యం ఎవరు చెప్పాలి?

ఇక్కడ వాదించుకుంటున్న ఇద్దరూ ఒక తల్లి బిడ్డలు. అన్న ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు సంఘంలో డీకను, రిటైరైన లెక్కల మాస్టారు. చెల్లెల్ని నంద్యాల వైపు సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) కుటుంబంలో ఇచ్చారు. భర్త ఉద్యోగం మూలంగా ఆమె మళ్ళీ పుట్టింటి ఊరికే వచ్చి, ఇప్పుడు తన సంఘంలో స్త్రీల మైత్రి బాధ్యత చూస్తోంది. ఈసారి ప్రార్థన బాప్టిస్టు గుడిలో పెట్టుకుంటామని అడిగితే కమిటీ సరేనంది. కాకపోతే వాక్యమూ చివరి ఆశీర్వాదమూ తమ పాస్టరుగారే చెప్పాలంది. నేను చెల్లి పక్షం, దాచుకోవలసిన పనిలేదు. అలాగని అన్న మాటలను తేల్చిపారేయలేను. వాటిలో బరువు ఉంది కాబట్టే రాస్తున్నాను.

చెల్లి: గుడి ఇస్తామన్నారు, సంతోషం అన్నయ్యా. ఆ షరతు ఒక్కటే మింగుడు పడటం లేదు.

అన్న: షరతు అనకమ్మా, మా పద్ధతి అను. మా పుల్పిట్ ఎక్కేవాళ్ళు సంఘానికి జవాబుదారీగా ఉండాలి. పాస్టరుగారు తప్పు బోధ చేస్తే కమిటీలో నిలదీస్తాం. మీరు శుక్రవారం సాయంత్రం వస్తారు, చెబుతారు, వెళ్ళిపోతారు. శనివారం నుంచి జనానికి సమాధానం చెప్పుకోవలసింది మేము.

చెల్లి: మరి మొన్న ఉజ్జీవ కూడికలకు వచ్చినాయన సంగతి? మూడు రాత్రులు చెప్పాడు. జబ్బు తగ్గలేదంటే విశ్వాసం చాలనట్టే అన్నాడు. ఆ మాటకు వదిన వారం రోజులు ఏడ్చింది. డయాలసిస్‌కి వెళ్ళి వచ్చిన మనిషి, పక్క మీద పడుకొని, నా విశ్వాసంలో లోపం ఎక్కడుందో చెప్పు అని నన్ను అడిగింది. ఆయన్ని ఎవరు నిలదీశారు?

అన్న: అది తప్పే. పాస్టరుగారితో నేను మాట్లాడాను.

చెల్లి: ఆయనకు ముందు మైకు ఇచ్చారు, తర్వాత మాట్లాడుకున్నారు. మాకు మైకే ఇవ్వనంటున్నారు. జవాబుదారీ అనేది నిజంగా మీ భయమైతే అది మగవాళ్ళకూ వర్తించాలి.

అన్న: సరే, ఆ మాట పక్కన పెడదాం. లేఖనం సంగతి చెప్పు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయం, తిమోతికి రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయం. అవి నేను రాయలేదు.

చెల్లి: 14 చదివినవాడివి 11 కూడా చదివే ఉంటావు. ప్రార్థన చేసేటప్పుడు, ప్రవచించేటప్పుడు స్త్రీ తల మీద ముసుగు వేసుకోవాలని అదే పౌలు అదే సంఘానికి రాశాడు. నోరు విప్పకూడని మనిషి తల సంగతి ఆయనకెందుకు?

అన్న: అందుకే నేను ప్రార్థన వద్దనలేదు. పాఠాలు చదవండి, విజ్ఞాపనలు చెయ్యండి, సాక్ష్యం చెప్పండి. తిమోతి పత్రికలో ఉన్నది ఉపదేశం గురించి. నువ్వు ప్రిస్కిల్ల పేరు ఎత్తుతావని తెలుసు. ఆమె అపొల్లోకు చెప్పింది నిజమే. భర్తతో కలిసి, అతన్ని విడిగా చేర్చుకొని చెప్పింది. సమాజమందిరంలో లేచి నిలబడి చెప్పలేదు.

చెల్లి: ప్రిస్కిల్లను నేను ఎత్తను, ఫిలిప్పీ పట్టణాన్ని ఎత్తుతాను. అపొస్తలుల కార్యములు 16. పౌలు ఆ ఊరు వెళ్ళాడు. విశ్రాంతి దినాన నది ఒడ్డుకు వెళ్తే అక్కడ ప్రార్థనకు కూడుకొని ఉన్నది స్త్రీలు. ముందు మీ మగ పెద్దను పిలుచుకు రండి అనలేదు, కూర్చొని వాళ్ళతోనే మాట్లాడాడు. లూదియ ఇంట్లో దిగాడు. చెరసాలలోంచి బయటపడ్డాక విశ్వాసులను చూడటానికి వెళ్ళిందీ ఆమె ఇంటికే. ఆ సంఘానికే తర్వాత పత్రిక రాశాడు. మీరు గుడిలో ఏటా చదివే ఫిలిప్పీ పత్రిక ఆడవాళ్ళ ప్రార్థన కూడికలోంచి పుట్టిన సంఘానికి రాసింది.

అన్న: అయినా అక్కడ బోధించింది పౌలే కదా.

(వచనాల మీద ఇద్దరూ ఇలా రాత్రి దాకా లాగగలరు. ఇద్దరికీ బైబిలు కంఠతా వచ్చు. నేను చూసినంతలో కమిటీలు వచనంతో మొదలుపెట్టి అలవాటుతో తీర్మానిస్తాయి. అన్న మటుకు అలాంటివాడు కాదు. వచనాన్ని నిజంగా గౌరవించే మనిషి, అందుకే ఆయనతో వాదం పెట్టుకోవడం కష్టం.)

అన్న: ఇంకో మాట. ఇది మన దగ్గర పుట్టింది కాదు. అమెరికా దొరసానులు మొదలుపెట్టారు. ఏటా ఎక్కడివాళ్ళో రాసిన కాగితం మన ఆడవాళ్ళు చదువుతారు. మనకు సొంత మాటలు లేవా?

చెల్లి: ఆ దొరసానులు ఎవరో తెలుసా? 1887లో బ్రూక్లిన్‌లో మేరీ ఎలెన్ జేమ్స్ అనే ప్రెస్బిటేరియన్ ఆమె తన దేశంలోని మిషన్ల కోసం స్త్రీలంతా ఒక రోజు ప్రార్థన చేద్దామని పిలుపు ఇచ్చింది. ఆమెకు ఏడుగురు పిల్లలు. తర్వాత విదేశీ మిషన్ల కోసం అలాంటి రోజే పెట్టినవాళ్ళలో ముఖ్యులు ఇద్దరు బాప్టిస్టు స్త్రీలు, మీవాళ్ళే. హెలెన్ బారెట్ మాంట్‌గోమరీ, లూసీ పీబాడీ. లూసీ మొదటి భర్త ఇంటిపేరు వాటర్‌బరీ. 1881లో పెళ్ళి చేసుకొని ఇద్దరూ మద్రాసుకు వచ్చారు, మీ అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషనుకే. 1886లో ఆయన చనిపోయాడు. ఆమె పిల్లల్ని తీసుకొని తిరిగి వెళ్ళింది. ఆ పాతికేళ్ళ విధవరాలు మన తెలుగువాళ్ళ మధ్య బతికి వెళ్ళిన మనిషి. అందుకని ఇది ఎక్కడిదో అనకు.

అన్న: ఇది నాకు తెలియదు.

చెల్లి: మీ సంఘ చరిత్రలో క్లౌ దొర ఉంటాడు, 1878 జూలై 3న ఒక్క రోజున బాప్తిస్మం పొందిన 2,222 మంది ఉంటారు. లూసీ ఉండదు. మాంట్‌గోమరీ అయితే 1921లో నార్తర్న్ బాప్టిస్టు కన్వెన్షన్‌కు అధ్యక్షురాలైంది. అమెరికాలో ఒక పెద్ద సంఘానికి స్త్రీ అధ్యక్షత వహించడం అదే మొదలు. గ్రీకు నుంచి కొత్త నిబంధన తానే అనువదించి 1924లో అచ్చు వేయించింది. ఆ ఇద్దరూ కలిసి డబ్బు పోగుచేస్తే ఆసియాలో ఆడపిల్లల కాలేజీలు నిలబడ్డాయి. మద్రాసు విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ వాటిలో ఒకటి. నువ్వు వాక్యం చెప్పకూడదంటున్నది అలాంటివాళ్ళు నాటిన పనిలో.

అన్న: వాళ్ళు గొప్పవాళ్ళు కాదని నేను అన్నానా? అయినా మనకు దొరల చరిత్ర ఎందుకు? మన ఒంగోలు కొండ చాలు.

చెల్లి: చాలు, నేనూ అక్కడికే వస్తున్నాను. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ కొండ ఎక్కినవాళ్ళు ఎవరు? మాస్టారివి, లెక్కపెట్టు.

అన్న: ఐదుగురు. జ్యూయెట్ దొర, ఆయన భార్య, నరసు, జూలియా, రూతు.

చెల్లి: అందులో స్త్రీలు?

అన్న: ముగ్గురు.

చెల్లి: ఒంగోలుకు దైవసేవకుణ్ణి పంపమని ఆ రోజు మోకరించినవాళ్ళలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ. ఏటా ఆ కొండ ఎక్కి మీరు కొత్త సంవత్సరం కూడిక పెట్టుకుంటారు. పైన మైకు పట్టుకొనేది ఎవరు?

అన్న ఈసారి వెంటనే జవాబు చెప్పలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

అన్న: అసలు నా అభ్యంతరం వేరే ఉంది. నువ్వు ఆడ, మగ అంటున్నావు. నాకు అంతకంటే పెద్దది ఈ కలగాపులగం. మేము విశ్వసించినవాళ్ళకే ముంచి బాప్తిస్మం ఇస్తాం. మీరు పసిబిడ్డ నుదుటి మీద నీళ్ళు చిలకరిస్తారు. లూథరన్లకు ప్రభు సంస్కారం సంగతి ఒక పట్టుదల. ఆర్‌సీఎం కాథలిక్కులు మరియమ్మ అంటారు. వీటికోసం మనవాళ్ళు వందల ఏళ్ళు దెబ్బలు తిన్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. మీరు ఒక సాయంత్రం అన్నీ పక్కన పెట్టి, నాలుగు పాటలు పాడి, మేమంతా ఒకటే అంటారు. తేడాలు ఉన్నాయని ఒప్పుకోకుండా వచ్చే ఐక్యత నాకు అక్కర్లేదు.

చెల్లి: ఈ మాట నువ్వు అనాలనే చూస్తున్నాను అన్నయ్యా. ఎందుకంటే ఆ తేడా నీకు పుస్తకంలో తెలుసు, నాకు ఒంట్లో తెలుసు. పదిహేడో ఏట చెరువులో నన్ను ముంచింది మీ పాస్టరుగారే. గట్టు మీద తువ్వాలు పట్టుకొని నిలబడింది నువ్వే. పెళ్ళయింది. అత్తగారి సంఘంలో నన్ను బిషపుగారి దగ్గర నిలబెట్టి నిర్ధారణ చేయించారు. పెద్దోడు పుట్టాడు, మూడో నెలలో బాప్తిస్మం అన్నారు. వాడు విశ్వసించేదాకా ఆగుదామని నేను అడగలేదు. అడిగే చోటు నాకు లేదు. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. పిల్లాడిది బాప్తిస్మమేనా కాదా అని నీకు ఉత్తరం రాశాను, గుర్తుందా?

అన్న: గుర్తుంది. జవాబు రాయలేకపోయాను.

చెల్లి: ఇది నా ఒక్కదాని కథ కాదు. పెళ్ళయితే సంఘం మారేది ఆడపిల్ల. మగవాడు పుట్టిన సంఘం రిజిస్టరులోనే చచ్చేదాకా ఉంటాడు. మా స్త్రీల మైత్రిలో కూర్చున్నవాళ్ళను అడిగి చూడు. ఒకామె గుంటూరు లూథరన్ల పిల్ల, ఒకామె కడప వైపు లండన్ మిషను వాళ్ళ మనవరాలు, ఇంకొకామె ఆర్‌సీఎం నుంచి వచ్చింది, ఇప్పటికీ కష్టం వస్తే శిలువ గుర్తు వేసుకుంటుంది. మీరు సభలు పెట్టి, తీర్మానాలు చేసి, ఐక్యత ఎలాగా అని మాట్లాడుకుంటారు. మేము రెండేసి సంఘాలను కడుపులో పెట్టుకొనే వంట చేసుకుంటున్నాం. తేడాలు ఒప్పుకోకుండా అంటావేం? ఒప్పుకొని, వాటితో కాపురం చేసి, తర్వాత కలిసి ప్రార్థన చేస్తున్నది మేము.

(ఈ మాట మన సంఘ చరిత్రలు రాసేవాళ్ళు పట్టించుకోలేదని నాకు గట్టిగా అనిపిస్తుంది. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, దక్షిణ ఇండియా ఐక్య సంఘంవాళ్ళు కలిసి సీఎస్ఐ అయ్యారు. దాని వెనకాల జరిగిన చర్చలన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. అంతకు ముందే, ఆ తర్వాతా, ఇళ్ళలో కోడళ్ళు చేసిన సర్దుబాటు ఏ పుస్తకంలోనూ లేదు.)

అన్న: నీ బాధ నాకు తెలుసమ్మా. కానీ సర్దుబాటు సత్యం అవదు.

చెల్లి: సరే, సత్యమే మాట్లాడుకుందాం. నువ్వు బాప్టిస్టువి ఎందుకయ్యావు? వాక్యం పరిశోధించి ఎంచుకున్నావా? మన ముత్తాత ఊరికి ముందు చేరుకున్నది బాప్టిస్టు మిషను. నంద్యాల, కర్నూలు వైపు ఎస్‌పీజీ మిషనువాళ్ళు చేరారు. గుంటూరుకు లూథరన్లు, కృష్ణకు సీఎంఎస్, మెదకు వైపు మెథడిస్టులు. జిల్లాలు పంచుకున్నారు, ఒకరి పొలంలో ఒకరు దిగకూడదని ఒప్పందాలు రాసుకున్నారు. ఒక వాగుకు ఇవతల పుట్టాం కాబట్టి మునిగాం. అవతల పుట్టి ఉంటే నీ నుదుటి మీద కూడా చిలకరించేవాళ్ళు. ఇంకా ముందుకు వెళ్తే మాల పల్లె ఒక మిషనుకు, మాదిగ పల్లె ఇంకో మిషనుకు వెళ్ళిన ఊళ్ళు ఎన్ని ఉన్నాయో నీకు నాకంటే బాగా తెలుసు. సిద్ధాంతం అని మనం పేరు పెట్టుకున్న గోడలో ఆ గోడ కూడా కలిసి ఉంది. మొన్న మా రిహార్సలుకు రెండు పల్లెల ఆడవాళ్ళూ వచ్చి, ఒకే చాప మీద కూర్చొని, ఒకే ప్లేటులో మరమరాలు తిన్నారు. అక్కడ అది చిన్న సంగతి కాదు.

అన్న: కాదు. అది చిన్న సంగతి కాదు.

చెల్లి: ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకం తెరిస్తే ఏ పాట ఏ మిషనువాడు రాశాడని అడిగి పాడతామా? పురుషోత్తమ చౌధురి పాట లూథరన్లు పాడటం లేదా? పాటకు అక్కర్లేని గోడ ప్రార్థనకు ఎందుకు?

అన్న: పాట, ప్రార్థన సరే అన్నాను కదా. మళ్ళీ వాక్యం దగ్గరికి రా. పోనీ, ఆ క్రమమైనా వట్టి ప్రార్థనగా ఉంటుందా? 2024లో పాలస్తీనా క్రైస్తవ స్త్రీలు రాశారు. అప్పటికి గాజాలో యుద్ధం సాగుతోంది. జర్మనీలో కమిటీవాళ్ళు ఆ క్రమాన్ని వెనక్కి తీసుకొని, మార్చి, మళ్ళీ అచ్చు వేయవలసి వచ్చింది. ప్రార్థన పేరుతో రాజకీయం గుడిలోకి వస్తుందని నా భయం. మాలాంటి చిన్న సంఘాలకు ఇప్పుడున్న రోజుల్లో అది ఎంత ప్రమాదమో నీకు చెప్పాలా?

చెల్లి: నీ భయం నాకు అర్థమవుతుంది, మన ఊళ్ళోనూ గుడి గేటుకు తాళం వేసుకొని ఆరాధన చేసిన ఆదివారాలు ఉన్నాయి. అయినా ఆ పాలస్తీనా ఆడవాళ్ళు ఆ క్రమం రాయడం మొదలుపెట్టినప్పుడు ఆ యుద్ధం లేదు. ఏళ్ళ ముందే దేశాన్ని నిర్ణయిస్తారు, ఏళ్ళ తరబడి రాస్తారు. చదివే రోజు వచ్చేసరికి వాళ్ళ ఇళ్ళు ఎలా ఉన్నాయో మనం చూశాం. ఆ రోజు మా గుడిలో వాళ్ళ మాటలు చదివిన పిల్ల మధ్యలో ఆగిపోయింది. ఎవరూ తొందర పెట్టలేదు. పక్కామె పుస్తకం అందుకొని మిగతాది చదివింది. మామూలుగా మన ప్రార్థనలు ఎలా ఉంటాయి అన్నయ్యా? మా బాబుకు సీటు, మా అమ్మాయికి వీసా, మా ఆయన ట్రాన్స్‌ఫర్. నేనూ చేస్తాను, అందులో తప్పులేదు. కానీ ఏడాదిలో ఒక్క రోజైనా మనకు ఏ సంబంధమూ లేని మనిషి కోసం, ఆమె కోరిన మాటల్లోనే మోకరించాలి కదా. 2025లో కుక్ దీవులు. పదిహేను దీవులు, మొత్తం జనం 15 వేల చుట్టూ. మన మండలంలో అంతకు రెండు మూడింతలు ఉంటారు. వాళ్ళ నమస్కారం కియా ఓరానా. మా ముసలమ్మలు ఆ మాట ఒకరికొకరు చెప్పుకొని ఎంత నవ్వారో! వాళ్ళ ఊరు ఎక్కడుందో గ్లోబులో చూపించమని సండే స్కూలు పిల్లల్ని అడిగారు.

అన్న: అది బాగుంది.

చెల్లి: ఇంకోటి చెబుతాను. మా సంఘంలో మునిసిపాలిటీ పారిశుధ్య పని చేసే ఆమె ఉంది. చదువు రాదు. విజ్ఞాపనల్లో ఒకటి నాకు ఇవ్వండి అంది. మనవరాలు రోజూ రాత్రి చదివి వినిపిస్తే వల్లెవేసింది. ఆ రోజు నాలుగు గంటలకే డ్యూటీకి వెళ్ళి, వచ్చి స్నానం చేసి, తెల్లచీర కట్టుకొని వచ్చింది. మైకు స్టాండు మా పాస్టరుగారి ఎత్తుకు బిగించి ఉంది. దాన్ని దించడం ఎవరికీ చేతకాలేదు. మడమలు ఎత్తి, మునివేళ్ళ మీద నిలబడి మొత్తం ఒప్పజెప్పింది. చివర క్రమంలో లేని ఒక వాక్యం తానే కలిపింది, డ్రైనేజీలో దిగేవాళ్ళకోసం. నలభై ఏళ్ళుగా నేను విన్న ప్రసంగాల్లో ఆ వాక్యం అంత గుర్తున్నది లేదు. అది ప్రార్థనా, ఉపదేశమా? నీ గీత ఎక్కడ గీస్తావు?

అన్న: ... గీయలేను. ఆమె విషయంలో గీయలేను. కానీ ఒకటి నన్ను అడగనివ్వు. మీ సంఘంలో స్త్రీలకు గురుపట్టం ఇస్తారు. 2013లో నంద్యాలలో పుష్పలలిత గారిని బిషప్పును చేశారు. సీఎస్ఐకి మొదటి స్త్రీ బిషప్పు, మన తెలుగామె, మేమూ సంతోషించాం. మరి మీ పాస్టరేట్లలో ఇప్పటికీ స్త్రీల మైత్రి పని అంటే టీలు, గుడి అలంకరణ, పాస్టరుగారి బదిలీకి శాలువా. ఏడాదికి ఒక శుక్రవారం మైకు ఇచ్చి, మిగిలిన 51 శుక్రవారాలు, 52 ఆదివారాలు తీసుకోవడం న్యాయమా? మేము ఇవ్వం అని సూటిగా చెబుతున్నాం. మీరు ఇచ్చినట్టు కనిపిస్తున్నారు.

చెల్లి: ఆ దెబ్బ తగిలింది. నువ్వన్నది నిజం. మా పాస్టరేటు కమిటీలో నేను ఈ మాటే అన్నాను, నన్ను వచ్చే ఎన్నికల్లో నిలబడొద్దని నచ్చజెప్పారు. అందుకే ఆ ఒక్క శుక్రవారాన్ని నేను వదులుకోలేను. అది కూడా పాస్టరుగారి చేతికి వెళ్తే మా పిల్లలు స్త్రీ వాక్యం చెప్పగా చూసే రోజే ఉండదు. 1969లో ఆర్‌సీఎం స్త్రీల సంఘాలు కూడా ఈ దినంలో చేరాయి. ఎలా చేరగలిగాయి? అక్కడ ఎవరి ప్రభు భోజనపు బల్లా వేయలేదు, ఎవరి పట్టమూ అడగలేదు. గురువుల మధ్య అయితే ఎవరి అభిషేకం చెల్లుతుంది అని మొదలయ్యేది. మమ్మల్ని పదవులకు దూరంగా ఉంచారు. ఆ దూరంలోనే మేము ఒకరినొకరం కలుసుకున్నాం. ఇప్పుడు అక్కడికి కూడా ఒక పాస్టరుగారు వచ్చి నిలబడితే, లూథరన్ పాస్టరుగారికి కుర్చీ ఎక్కడ, ఫాదరుగారిని ముందు పిలవాలా తర్వాతా, ఇవి మొదలవుతాయి. ప్రార్థన చెడేది అక్కడ.

అన్న: అంటే మా పాస్టరుగారు అసలు రాకూడదా?

చెల్లి: రావాలి. మగవాళ్ళంతా రావాలి. వచ్చి బెంచీలో కూర్చొని, పుస్తకం పట్టుకొని, లావు అక్షరాల్లో ఉన్న సంఘం భాగం మాతో కలిసి చదవాలి. ఆయనకు నేనే ఆహ్వానం ఇస్తాను.

అన్న: కమిటీ షరతు తీయకపోతే?

చెల్లి: మా గుడిలో పెట్టుకుంటాం. మీ ఆడవాళ్ళు అక్కడికి వస్తారు. వదిన వస్తానంది.

అన్న: ఆమెను నేనే దింపుతాను, అది వేరే సంగతి. ఆదివారం కమిటీలో మళ్ళీ పెడతాను. నువ్వు చెప్పిన లూసీ సంగతి, కొండ సంగతి చెబుతాను. కానీ ఉన్న మాట చెబుతున్నా, నా ఓటు షరతు వైపే. తిమోతి పత్రికను దాటి వెళ్ళడానికి నాకు మనసు ఒప్పుకోవడం లేదు.

చెల్లి: నీ మనస్సాక్షిని నేను లాగను. కమిటీలో ఎంతమంది?

అన్న: పదకొండు. ఇద్దరు స్త్రీలు.

చెల్లి: పోయినసారి తీర్మానం చేసిన రోజు వాళ్ళు వచ్చారా?

అన్న: లేదు. రాత్రి ఏడున్నరకు పెడతాం. వాళ్ళకు వంట వేళ.

చెల్లి: ఎన్నేళ్ళుగా ఏడున్నరకు పెడుతున్నారు?

అన్న: ... నేను డీకనునైనప్పటి నుంచీ అంతే.

చెల్లి: ఈసారి ఆరాధన అయిపోగానే పెట్టు. అందరూ గుడిలోనే ఉంటారు.

అన్న: పాస్టరుగారికి పల్లె ఆరాధన ఉంటుంది. మూడు గంటలకు పెడతాను. ఆ ఇద్దరికీ ఇవాళే నేనే వెళ్ళి చెప్పి వస్తాను. ఆ క్రమం పుస్తకాలు ఒక పదకొండు పంపు, ఊరికే మాటల మీద కాదు, చదివి ఓటు వేయాలి.